99 పాయింట్ల వెనుక

(2023 నవంబర్ 19, ఆదివారం సాయంత్రం, మిషిగన్ రాష్ట్రంలోని కాంటన్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇవాళ తెల్లవారుజామున మూడున్నరకు ఈ హాల్లో ఉన్న సగం మంది ఇళ్లలో దీపాలు వెలుగుతూనే ఉండి ఉంటాయి. మా ఇంట్లోనూ వెలిగాయి. అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోవడం చూసి, పదకొండు కాకముందే టీవీ ఆపేసి, మధ్యాహ్నం వరకూ ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఇలాంటి రోజున ఆట గురించి మాట్లాడడం నా వల్ల కాదు, వాయిదా వేయమందామని ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్లీ పక్కన పెట్టేశాను. నేను చెప్పదలచుకున్న మాటకు ఇంతకంటే తగిన రోజు దొరకదనిపించింది.

వరుసగా పది ఆటలు గెలిచి ఫైనల్‌కు వచ్చిన జట్టు మనది. శ్రీలంకను 55 పరుగులకు, దక్షిణాఫ్రికాను 83 పరుగులకు కట్టిపడేసిన బౌలర్లు మనవాళ్లు. ఆఖరి రోజు ఏమైంది? పొద్దున్నుంచీ అందరూ ఆస్ట్రేలియా ఆటగాడు ట్రావిస్ హెడ్ కొట్టిన 137 పరుగుల గురించే మాట్లాడుకుంటున్నారు. నా కళ్లముందు మాత్రం అదే మనిషి అంతకు ముందు పట్టిన క్యాచ్ తిరుగుతోంది. రోహిత్ 47 మీద ఉండగా గాల్లోకి లేచిన బంతి కోసం వెనక్కి పరుగెత్తి, పరుగెత్తి, దూకి పట్టుకున్నాడు. మొదటి పది ఓవర్లు అయ్యాక, మిగిలిన నలభై ఓవర్లలో మనవాళ్లకు దక్కిన బౌండరీలు నాలుగు. గీత దగ్గర దూకి దూకి ఒక్కొక్క పరుగూ ఆపారు. వాళ్లు చేసిన పరుగుల కంటే ముందు, మనల్ని చేయనివ్వని పరుగులు ఉన్నాయి. ఆ చేయనివ్వకపోవడం గురించే ఇవాళ నా ప్రసంగం.

వచ్చే శనివారం, 25వ తేదీ మధ్యాహ్నం 12 గంటలకు, ఇక్కడికి అరగంట దూరంలోని ఆన్ ఆర్బర్‌లో మిషిగన్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు తలపడుతున్నాయి. రెండు జట్లూ ఈ ఏడాది ఆడిన పదకొండు ఆటల్లో పదకొండూ గెలిచాయి. మీలో చాలామంది పిల్లలు ఆన్ ఆర్బర్‌లో చదువుతున్నారు. ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్‌లో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ వరుసల్లో ఉన్నారు, చూస్తున్నాను. (నవ్వులు) మీకూ స్వాగతం. మీ జట్టు గురించి తక్కువ చేసి మాట్లాడను. మాట్లాడేందుకు అంకెలు కూడా ఒప్పుకోవు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ల కోసం ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్లగలిగితే మరో నాలుగు అవకాశాలు. లేకపోతే బంతి అవతలివాళ్లకు. సాధారణంగా మూడో ప్రయత్నంలో పని కాకపోతే, నాలుగోసారి బంతిని కాలితో దూరంగా తన్నేస్తారు. దాన్నే పంట్ అంటారు. కాబట్టి ఆట మొత్తం మూడో ప్రయత్నం మీద, అంటే థర్డ్ డౌన్ మీద తిరుగుతుంది. మిగతా నిబంధనలు వందల్లో ఉన్నాయి. వాటి జోలికి ఇవాళ వెళ్లను.

ఇప్పుడు అంకె చూడండి. పదకొండు ఆటల్లో మిషిగన్ అవతలి జట్లకు ఇచ్చిన పాయింట్లు మొత్తం 99. అంటే ఆటకు సరిగ్గా 9. దేశంలో ఇంత తక్కువ ఇచ్చిన జట్టు ఇంకొకటి లేదు. రెండో స్థానంలో ఎవరున్నారంటే, ఒహాయో స్టేట్. వాళ్లు ఇచ్చినవి 102. మొత్తం సీజన్‌లో తేడా మూడంటే మూడు పాయింట్లు. దేశంలోకెల్లా గట్టివైన రెండు డిఫెన్స్‌లు, అంటే అవతలివాళ్లను ఆపే దళాలు, ఒకే మైదానంలో, ఒకే రోజు దిగుతున్నాయి. 1,07,601 మంది కూర్చునే ఆ గిన్నెలాంటి స్టేడియంలో ఆ రోజు చూడవలసింది పాయింట్ల పట్టిక ఒక్కటే కాదని నా ఉద్దేశం.

ఈ 99 అంకెను నేను గుడ్డిగా నమ్మను. ఎందుకో చెప్పాలంటే అయిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

2018 నవంబర్ 24, కొలంబస్. ఆ రోజు కూడా మిషిగన్ డిఫెన్స్ దేశంలో మొదటి స్థానంలోనే ఉంది, ఇచ్చిన గజాల లెక్కలో. పది ఆటలు గెలిచి, ఒకటి ఓడి వెళ్లింది. అయినా 62-39తో ఓడిపోయింది. వందేళ్లకు పైబడిన ఈ వైరంలో ఒహాయో స్టేట్ అన్ని పాయింట్లు అంతకు ముందెన్నడూ చేయలేదు. అప్పటి మా పద్ధతి ఒక్కొక్కడి వెంట ఒక్కొక్కడు. నీ మనిషిని నువ్వు పట్టుకో, నా మనిషిని నేను పట్టుకుంటాను. ధైర్యమైన పద్ధతే. అయితే అవతల కూర్చున్నవాళ్లు ఏడాదంతా దాన్ని చదువుకున్నారు. వాళ్ల వేగగాళ్లు నిలువుగా పరుగెత్తకుండా మైదానానికి అడ్డంగా, ఒకరి దారిని ఒకరు దాటుకుంటూ పరుగెత్తారు. వెంట పడ్డ మావాళ్లకు మధ్యలో మనుషులు అడ్డం. తిరునాళ్లలో చెయ్యి విడిపించుకుని పోయిన పిల్లవాడి వెంట పడ్డట్టు. పిల్లవాడు కనిపిస్తూనే ఉంటాడు, చేతికి అందడు. మరుసటి ఏడాది సొంత మైదానంలో మళ్లీ 56 ఇచ్చారు. రెండు ఆటల్లో 118 పాయింట్లు. ఈ సంవత్సరం పదకొండు ఆటల్లో ఇచ్చినవి 99 అన్న సంగతి దాని పక్కన పెట్టి చూడండి.

2019లో ఆ ఆట స్టేడియంలోనే చూశాను. మూడో క్వార్టర్, అంటే ఆటలో మూడో పావు భాగం, అయ్యాక మా వరుసలో ఒక పెద్దాయన లేచి, టోపీ తీసి, దులిపి, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయారు. ఒక్క మాట అనలేదు. ఆయన నలభై ఏళ్లుగా అదే సీటులో కూర్చుంటున్నారని పక్కవాళ్లు చెప్పారు. ఆ టోపీ దులపడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మార్పు ఎక్కడి నుంచి వచ్చిందంటే, అన్నగారి ఇంటి నుంచి. మిషిగన్ హెడ్ కోచ్ జిమ్ హార్బా. ఆయన అన్న జాన్ హార్బా బాల్టిమోర్ రేవెన్స్ అనే వృత్తి జట్టుకు హెడ్ కోచ్. 2021లో తమ్ముడు అన్న దగ్గర పనిచేస్తున్న మైక్ మెక్‌డొనాల్డ్‌ను తెచ్చి డిఫెన్స్ అప్పగించాడు. ఒక్క ఏడాది తర్వాత ఆయన తిరిగి బాల్టిమోర్ వెళ్లిపోతే, అదే ఇంట్లో పని నేర్చుకున్న జెస్సీ మింటర్ వచ్చాడు. మనిషి మారినా పాఠం మారలేదు.

ఆ పాఠం ఏమిటో చెప్పడానికి నాకు చెడుగుడు కంటే మంచి దారి కనిపించలేదు. తెనాలి దగ్గర కాలువ గట్టున ఆడి పెరిగినవాణ్ణి. కూత పెట్టి వచ్చినవాడు గీత దాటాడో లేదో మీద పడే జట్టు ఎప్పుడూ ఓడిపోతుంది. తెలివైన జట్టు చేతులు చేతులు పట్టుకుని వెనక్కి జరుగుతుంది. రానిస్తుంది. ఇంకొక్క అడుగు వేస్తే ఒకడు దొరుకుతాడు అన్న ఆశ పెడుతుంది. అవతలివాడికి ఊపిరి సగమై, తిరిగిపోదామని మడమ తిప్పే క్షణం ఒకటి వస్తుంది. అప్పుడు అంచున ఉన్నవాడు వంగి చీలమండ అందుకుంటాడు. అప్పటివరకూ ఎవరు పట్టుకుంటారో వచ్చినవాడికి తెలియకూడదు. ముఖం చూసి పసిగట్టగలిగితే ఆ పట్టు దొరకదు.

మిషిగన్ చేస్తున్నది అదే. బంతి విసిరే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. బంతి చేతికి రాకముందు అతను ఎదురుగా ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో లెక్క పెట్టుకుంటాడు. ఆరుగురు ముందుకు వంగి, ఇప్పుడే మీద పడతాం అన్నట్టు నిలబడి ఉంటారు. బంతి కదలగానే ఆరుగురిలో ముగ్గురు వెనక్కి వెళ్లిపోతారు. ఎక్కడో పక్కన, తనకు సంబంధం లేదన్నట్టు నిలబడ్డ ఒకడు వచ్చి మీద పడతాడు. లెక్క చూస్తే వచ్చినవాళ్లు నలుగురే. ఏ నలుగురు అన్నది మాత్రం ముందు తెలియదు. వెనక్కి వెళ్లిన ముగ్గురూ, క్వార్టర్‌బ్యాక్ తొందరపడి ఎక్కడికి విసురుతాడో సరిగ్గా అక్కడ నిలబడి ఉంటారు. వెనుక కాపలా ఉన్నవాళ్లు బంతిని తమ వీపు వెనక్కి పోనివ్వరు. ఎదురుగా పట్టుకుంటే పట్టుకోనీ, అయిదు గజాలు ఇద్దాం, అక్కడే పడేద్దాం. మళ్లీ విసరనీ. పది, పన్నెండు సార్లు వరుసగా తప్పు చేయకుండా రాగలిగిన జట్టుకే పాయింట్లు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు పన్నెండు సార్లు వరుసగా తప్పు చేయకపోవడం చాలా కష్టం. మింటర్ పందెం కాసింది దాని మీదే.

ఇదంతా నిలబడాలంటే ముందు వరుసలో బండల్లాంటి మనుషులు కావాలి. మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్, క్రిస్ జెంకిన్స్. వీళ్ల పని చాలాసార్లు టీవీలో కనిపించదు. ఒక్కొక్కరూ ఇద్దరిద్దరు ప్రత్యర్థుల బరువును తమ మీద వేసుకుని కదలకుండా నిలబడతారు. అలా నిలబడితేనే వాళ్ల వెనుక జూనియర్ కోల్సన్ లాంటివాళ్లకు పరుగెత్తేందుకు దారి దొరుకుతుంది. కోల్సన్ హైతీలో పుట్టాడు. 2010 భూకంపం నాటికి అక్కడ అనాథాశ్రమంలో ఉన్న పిల్లవాడు. మన పక్కనే ఉన్న బ్రైటన్ ఊరి కుటుంబం దత్తత తీసుకుని పెంచింది. ఈ నెలలో చేతికి కట్టుతో ఆడుతున్నాడు.

గ్రాంట్ గురించి ఒక్క సంఘటన చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఎనిమిది రోజుల క్రితం, పెన్ స్టేట్‌తో ఆట. వాళ్ల రన్నింగ్ బ్యాక్ కేట్రన్ అలెన్ బంతితో గుంపులోంచి బయటపడి పక్క గీత వెంట పరుగు అందుకున్నాడు. బంతితో పరుగెత్తడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి అతను. వెనుక నుంచి తరుముతున్నది గ్రాంట్. నూట యాభై కిలోలు దాటిన మనిషి. అతని పని అయిపోయింది నిజానికి, ఆట అతన్ని దాటి వెళ్లిపోయింది. వెనుక వేరేవాళ్లు ఉన్నారు, వాళ్లు చూసుకుంటారు అనుకుని ఆగినా ఎవరూ తప్పు పట్టరు. ఆగలేదు. మోచేతులు ఊపుకుంటూ, ఒక్కొక్క అడుగూ దూరం తగ్గించుకుంటూ వెళ్లి, వెనుక నుంచి అతన్ని కిందికి లాగాడు. మా అమ్మాయి ఆ ముక్కను ఫోనులో పదిసార్లు చూపించింది. పదిసార్లూ చూశాను. 24-15తో ఆ ఆట గెలిచారు.

ఇక నాకు అందరికంటే ఇష్టమైనవాడు మైక్ సెయిన్రిస్టిల్. ఇతనూ హైతీలోనే పుట్టాడు, మాసచూసెట్స్‌లో పెరిగాడు. 2021 దాకా ఇతను బంతి అందుకునే రిసీవర్. 2022లో అతన్ని డిఫెన్స్‌లోకి మార్చారు. అంటే మూడేళ్లు ఎవరి నుంచి తప్పించుకోవడం నేర్చుకున్నాడో, ఇప్పుడు వాళ్ల పని తానే చేయాలి. నిరుడు కొలంబస్‌లో, మిషిగన్ 31-20తో ముందున్నప్పుడు, ఒహాయో స్టేట్ గోల్ గీత దాకా వచ్చేసింది. బంతి కేడ్ స్టోవర్ చేతుల్లో పడింది. రెండు చేతులూ బంతి మీద ఉన్నాయి. సెయిన్రిస్టిల్ వెనుక నుంచి చెయ్యి దూర్చి, ఆ రెండు చేతుల మధ్య నుంచి బంతిని కిందికి ఊడగొట్టాడు. బంతితో ఆ గీత దాటితే దక్కే టచ్‌డౌన్ పోయి, బంతిని తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లతో సరిపెట్టుకోవలసి వచ్చింది. రెండో సగమంతటిలో ఒహాయో స్టేట్ చేసినవి ఆ మూడే. 45-23తో ముగిసింది ఆట. విచిత్రం చూడండి, ఆ స్టోవర్ ఒకప్పుడు డిఫెన్స్‌లో ముందు వరుస వెనుక నిలబడే లైన్‌బ్యాకర్‌గా ఆడి బంతి అందుకునే పనికి మారినవాడు. సెయిన్రిస్టిల్ బంతి అందుకునే పని నుంచి డిఫెన్స్‌కు మారినవాడు. ఎదురెదురు దారుల్లో వచ్చిన ఇద్దరూ ఆ గీత దగ్గర కలిశారు. ఎదుటివాడి వేళ్లు బంతి మీద ఎప్పుడు బిగుస్తాయో, దానికి ముందు ఎంత వ్యవధి ఉంటుందో రిసీవర్‌గా ఆడినవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

నిన్నటి ఆటలోనూ అతనే రెండుసార్లు మేరీల్యాండ్ బంతిని గాల్లో అందుకున్నాడు. మిషిగన్‌కు అది వెయ్యో విజయం. కళాశాల ఫుట్‌బాల్ చరిత్రలో ఆ అంకె చేరిన మొదటి జట్టు. కానీ చేసిన 31 పాయింట్లలో ఒక టచ్‌డౌన్ డిఫెన్స్ చేసినదే. ఇంకో నాలుగు పాయింట్లు రెండు సేఫ్టీల వల్ల వచ్చాయి, అంటే అవతలివాళ్లను వాళ్ల సొంత గోల్ గీత వెనుకే ఇరికించినందుకు. అవి తీసేస్తే నిన్న ఓడిపోయేవాళ్లమే.

సేఫ్టీ అనగానే నాకు 1950 గుర్తుకొస్తుంది. పెద్దవాళ్లు మంచు ఆట అని చెప్పుకుంటారు. అది కూడా నవంబర్ 25నే, ఈ శనివారానికి సరిగ్గా 73 ఏళ్లు. కొలంబస్‌లో మంచు తుపాను, మైదానం మీద గీతలు కనిపించని పరిస్థితి. ఆ రోజు మిషిగన్ బంతితో పది గజాలు సంపాదించి కొత్త అవకాశాలు తెచ్చుకున్నది ఒక్కసారి కూడా లేదు. ఆటంతా కలిపి ముందుకు వెళ్లింది 27 గజాలు. 24 సార్లు బంతిని తన్నేసింది. అయినా 9-3తో గెలిచింది. ఆ తొమ్మిదీ అవతలివాళ్లు తన్నిన పంట్లను ఎదురెళ్లి అడ్డుకోవడం వల్ల వచ్చినవే, ఒక సేఫ్టీ, ఒక టచ్‌డౌన్. బంతి చేతిలో ఉండగా ఏమీ చేయలేకపోయిన జట్టు గెలిచిన ఆట అది. ఇక్కడ డిఫెన్స్ అనే మాటకు ఉన్న గౌరవం అక్కడి నుంచి వస్తోంది.

(సభలో నుంచి ఒక ప్రశ్న: సంకేతాలు దొంగిలించారన్న ఆరోపణ సంగతి ఏమిటి?)

అడిగినందుకు సంతోషం, అమ్మా. దాటేసి వెళ్లే ఉద్దేశం నాకు లేదు. అవతలి జట్ల ఆటలకు మనిషిని పంపి, వాళ్ల కోచ్‌ల చేతి సంకేతాలు రికార్డు చేయించారన్నది ఆరోపణ. అక్టోబర్‌లో విచారణ సంగతి బయటికి వచ్చింది. ఈ నెల 10న, ఈ జట్లు ఆడే బిగ్ టెన్ సమాఖ్య హార్బాను మిగిలిన మూడు ఆటలకు మైదానంలోకి రానివ్వకుండా నిషేధించింది. శనివారం కూడా ఆయన ఉండరు, సహాయ కోచ్ షెరోన్ మూర్ నడిపిస్తారు. మొన్న శుక్రవారం లైన్‌బ్యాకర్ల కోచ్‌ను తొలగించారు. ఇది చిన్న విషయం కాదు. తప్పు రుజువైతే శిక్ష పడాలి, మా జట్టు కాబట్టి మినహాయింపు అడగను. ఎదుటివాడి సంకేతం ముందే తెలిసి ఉంటే డిఫెన్స్ పని తేలికవుతుంది, అది నిజం. ఆ కుర్రాళ్ల మీద పడిన నీడ నన్ను బాధపెడుతోంది. నీడ మైదానంలోనే పోవాలి. గ్రాంట్ వెనుక నుంచి తరిమి పట్టుకున్నప్పుడు ఏ సంకేతమూ లేదు కదా, కాళ్లే ఉన్నాయి.

దీనికి దగ్గరలోనే నా అసలు భయం ఉంది. 99 పాయింట్లను విడదీసి చూశాను. మొదటి ఎనిమిది ఆటల్లో ఇచ్చినవి 47. చివరి మూడు ఆటల్లో ఇచ్చినవి 52. పర్డ్యూకు 13, పెన్ స్టేట్‌కు 15, మేరీల్యాండ్‌కు 24. చివరి ప్రత్యర్థులు గట్టివాళ్లన్నది ఒక కారణం. మొదటి ఎనిమిదిలో మిషిగన్ స్టేట్ లాంటి ఆట 49-0తో ముగిసింది, అలాంటివి సగటును కిందికి లాగుతాయి. అది ఒప్పుకోవాలి. అయినా నిన్న మేరీల్యాండ్ రెండో సగంలో లేచి వచ్చిన తీరు చూస్తే, దాచిపెట్టే ఆటను అవతలివాళ్లు కొద్దికొద్దిగా చదవడం మొదలుపెట్టారా అన్న అనుమానం నన్ను వదలడం లేదు. 2018 చూసిన కళ్లు కదా.

పైగా శనివారం ఎదురు వచ్చేది ఒహాయో స్టేట్ రిసీవర్ మార్విన్ హారిసన్ జూనియర్. తండ్రి వృత్తి ఫుట్‌బాల్‌లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిన రిసీవర్. కొడుకును చూస్తే ఆ చేతులు ఎక్కడివో అర్థమవుతుంది. అతని మీద కాపలా ఎక్కువగా మా విల్ జాన్సన్‌కు పడుతుందని నా అంచనా. హారిసన్‌కు బంతి అందుతుంది, అందులో అనుమానం లేదు. అందిన చోటే పడేస్తారా, లేక అతన్ని తమ వీపు వెనక్కి పోనిస్తారా అన్నదే ప్రశ్న. అరవై గజాలు ఆరు ముక్కలుగా ఇస్తే మిషిగన్ నిలుస్తుంది. ఒకే ముక్కలో ఇస్తే పెద్దాయన మళ్లీ టోపీ దులుపుకోవలసి వస్తుంది. ఒహాయో స్టేట్‌కు బంతి విసిరే కైల్ మెకార్డ్ ఈ వైరంలో మొదటిసారి ప్రారంభ ఆటగాడిగా దిగుతున్నాడు. మీదికి వచ్చే నలుగురు ఎవరో పట్టుకునేందుకు అతనికి మూడు సెకన్లు కూడా ఉండవు.

టిక్కెట్లు దొరికినవాళ్లకు రెండు మాటలు. సీట్లు దాదాపు అన్నీ బెంచీలు, నవంబర్ చలికి గడ్డకట్టి ఉంటాయి, దుప్పటి తీసుకెళ్లండి. ఒహాయో స్టేట్‌కు థర్డ్ డౌన్ వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు జేబుల్లోంచి తాళంచెవులు తీసి ఊపుతారు. వేల గుత్తులు ఒక్కసారి మోగుతాయి. మీరూ ఊపండి. అప్పుడు బంతి వైపు చూడకండి, పెద్ద తెర వైపు అసలే చూడకండి. 0 అంకె వేసుకుని ఒకడు మధ్యలో కొంచెం వంగి నిలబడి ఉంటాడు. సెయిన్రిస్టిల్. బంతి కదిలిన మొదటి క్షణంలో అతని మొదటి అడుగు ముందుకు పడిందా, వెనక్కి పడిందా చూడండి.